ఆరు కంప్యూటర్లు, తెరుచుకోని రూట్ ఖాతా: మరమ్మతు డైరీ

మా ఊరి గ్రంథాలయంలో పాఠకుల కోసం ఆరు పాత డెస్క్‌టాప్‌లు ఉన్నాయి. అన్నింటిలోనూ 4 జీబీ ర్యామ్, డెబియన్ 12 (లినక్స్‌లో ఒక రకం), ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ తెర. ఇద్దరు వాలంటీర్లు వేర్వేరు రోజుల్లో ఇన్‌స్టాల్ చేసి వెళ్లారు. కొత్త ప్రింటరు కలపాల్సి వచ్చినప్పుడు తెలిసింది, ఆరింటిలో ఒక్కదాంట్లోనూ రూట్‌గా (కంప్యూటరు మీద పూర్తి అధికారం ఉన్న ఖాతాగా) పని చేయడం ఎవరి వల్లా కావడం లేదని. అన్నింటికీ ఒకటే జబ్బు అనుకుని చేయి పెట్టాను. ఒకటి కాదు, ఐదు తేలాయి.

టెర్మినల్ అనే కిటికీలో టైపు చేసే కమాండ్లను పలికే తీరులోనే రాస్తున్నాను. ఎస్‌యు (వేరే ఖాతాకు, మామూలుగా రూట్‌కు మారేది), సుడో (ఒక కమాండును రూట్‌గా నడిపేది), పాస్‌డబ్ల్యూడీ (పాస్‌వర్డ్ పని చూసేది), సీహెచ్‌ఓన్ (ఫైలు యజమానిని మార్చేది), సీహెచ్‌మోడ్ (ఫైలు అనుమతులు మార్చేది) అన్నీ టైపు చేసేటప్పుడు చిన్న ఇంగ్లీషు అక్షరాలే. పెద్ద అక్షరం కావాల్సిన చోట ఆ మాట విడిగా చెబుతాను. పాఠకుల ఖాతా పేరు అన్నింటిలోనూ రీడర్.

మొదటి దశ: 1, 2 నంబర్లు

సుడో అంటే "రీడర్ సుడోయర్స్ ఫైలులో లేరు" అన్న అర్థంతో సందేశం వచ్చింది. సుడో ఎవరు వాడవచ్చో రాసి ఉండే ఫైలు అది. ఎస్‌యు అంటే పాస్‌వర్డ్ తీసుకుంది, కమాండు కోసం ఎదురుచూసే చోట ఉండే గుర్తు డాలరు నుంచి హాష్‌కు మారింది. అంటే రూట్ అయ్యాను. కానీ యూజర్‌మోడ్ (యూజరు గ్రూపులు మార్చే కమాండు) అని కొట్టగానే అలాంటి కమాండు లేదంది. రూట్‌కే కమాండు దొరకకపోవడం ఏమిటని ఇన్‌స్టాలేషనే పాడైందనుకున్నాను. ఆ అనుమానంతో 40 నిమిషాలు ప్యాకేజీలు తనిఖీ చేస్తూ గడిపాను. అదంతా అనవసరం.

అసలు కారణం చిన్నది. 2019లో వచ్చిన డెబియన్ 10 నుంచి ఎస్‌యు కమాండు వేరే ప్యాకేజీలోది. హైఫన్ లేకుండా ఉత్త ఎస్‌యు అంటే మనిషి మారతాడు గానీ కమాండ్లు వెతికే దారులు పాత యూజరువే మిగులుతాయి. యూజర్‌మోడ్, యాడ్‌యూజర్ వంటివి ఎస్‌బిన్ డైరెక్టరీలో ఉంటాయి. మామూలు యూజరు దారిలో ఆ డైరెక్టరీ ఉండదు. ఎస్‌యు తర్వాత ఖాళీ వదిలి హైఫన్ పెడితే రూట్ సొంత దారులతో లాగిన్ అవుతుంది.

1. ఎస్‌యు -
2. యూజర్‌మోడ్ -ఏజీ సుడో రీడర్ (ఏ చిన్నది, జీ పెద్దది)
3. పూర్తిగా లాగౌట్ అయి మళ్లీ లాగిన్
4. ఐడీ అని కొట్టి, జాబితాలో సుడో గ్రూపు ఉందో లేదో చూడటం

మూడో మెట్టు దాటేయవద్దు. గ్రూపుల జాబితా లాగిన్ అయిన క్షణంలో ఖరారవుతుంది. కొత్త టెర్మినల్ తెరిస్తే సరిపోదు. ఉత్త ఐడీ అంటే ఇప్పుడు నడుస్తున్న సెషన్ గ్రూపులు చూపిస్తుంది. ఐడీ రీడర్ అంటే ఫైలులో రాసి ఉన్నవి చూపిస్తుంది. ఈ రెండింటికీ తేడా ఉందంటే లాగౌట్ కాలేదనే అర్థం.

2వ నంబరులో నేనే తప్పు చేశాను. -ఏజీ బదులు ఉత్త -జీ కొట్టాను. చిన్న ఏ అంటే ఉన్న గ్రూపులకు ఇది కూడా చేర్చు అని. అది లేకపోతే ఉన్నవన్నీ తీసేసి ఇదొక్కటే ఉంచు అని. సుడో చక్కగా పనిచేసింది కాబట్టి అప్పుడేమీ తెలియలేదు. ప్రింటరు కలిపే పేజీ సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా అనుమతి లేదన్నప్పుడు చూస్తే ఎల్‌పీఅడ్మిన్ (ప్రింటరు నిర్వహణ గ్రూపు), స్కానర్, ప్లగ్‌డెవ్, నెట్‌డెవ్ గ్రూపులన్నీ పోయాయి. 1వ నంబరులో ఐడీ ఇచ్చిన జాబితాను కాగితం మీద రాసుకొచ్చి ఒక్కొక్కటే తిరిగి చేర్చాను. ఏ కంప్యూటరులోనైనా గ్రూపులు ముట్టుకునే ముందు ఐడీ ఫలితాన్ని రాసిపెట్టుకోండి. అది ఒక్క వరుస.

లెక్క: బాగైనవి 2/6. సమయం 1 గంట 50 నిమిషాలు.

రెండో దశ: 3, 4 నంబర్లు

3వ నంబరులో ఎస్‌యుకి ఏ పాస్‌వర్డ్ ఇచ్చినా అథెంటికేషన్ ఫెయిల్యూర్. లైబ్రేరియన్ మేడం దగ్గరున్న చీటీలోని పాస్‌వర్డ్ కూడా చెల్లలేదు. ఇది పది నిమిషాల పని. డెబియన్ ఇన్‌స్టాల్ చేసేటప్పుడు రూట్ పాస్‌వర్డ్ అడిగే చోట ఖాళీగా వదిలేస్తే రూట్ ఖాతాకు తాళం పడుతుంది, మొదటి యూజరు సుడో గ్రూపులో చేరతాడు. అక్కడ పాస్‌వర్డ్ ఇస్తే దీనికి తలకిందులు: రూట్ తెరిచే ఉంటుంది, యూజరుకు సుడో ఉండదు. 1, 2 నంబర్లది ఒక దారి, 3వ దానిది ఇంకో దారి. తాళం పడిన ఖాతాకు ఎస్‌యు ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు.

ఎస్‌యు అడిగేది రూట్ పాస్‌వర్డ్. సుడో అడిగేది మన సొంత పాస్‌వర్డ్, పైగా మన పేరు అనుమతి జాబితాలో ఉందా అని చూస్తుంది. ఎస్‌యు 1971 నాటి తొలి యునిక్స్‌లోనే ఉంది. సుడో 1980 ప్రాంతంలో అమెరికాలోని బఫెలో విశ్వవిద్యాలయంలో పుట్టింది. ఒకే రహస్యాన్ని పదిమందికి పంచాల్సిన అవసరం దానితో తీరింది. మా చీటీలో ఉన్నది రీడర్ పాస్‌వర్డ్. దాన్ని ఇన్నాళ్లూ ఎస్‌యు ముందు పెడుతున్నారు.

1. సుడో పాస్‌డబ్ల్యూడీ -ఎస్ రూట్ (ఎస్ పెద్దది). రెండో మాటగా ఎల్ వస్తే తాళం ఉంది, పీ వస్తే పాస్‌వర్డ్ ఉంది.
2. రూట్ షెల్ (రూట్‌గా కమాండ్లు తీసుకునే వరుస) కావాలంటే సుడో -ఐ. ఇక్కడ సొంత పాస్‌వర్డే.

రూట్‌కు కొత్త పాస్‌వర్డ్ పెట్టేయమని చాలామంది సలహా ఇస్తారు. నేను పెట్టలేదు. పదిమంది కూర్చునే గదిలో ఇంకో పాస్‌వర్డ్ అంటే ఇంకో చీటీ.

4వ నంబరు వింతగా అనిపించింది. లాగిన్ తెరలో రీడర్ పాస్‌వర్డ్ చెల్లుతోంది. అదే పాస్‌వర్డ్ టెర్మినల్లో సుడోకి ఇస్తే మూడుసార్లు కాదని బయటికి పంపుతోంది. క్యాప్స్‌లాక్ చూశాను, లేదు. కీబోర్డు మార్చాను, అదే తంతు. చివరికి కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 నొక్కి నల్ల తెరలో లాగిన్ అయితే సుడో మొదటి ప్రయత్నంలోనే ఒప్పుకుంది.

అప్పుడు బోధపడింది. కథలు టైపు చేసుకునే ఒక పెద్దాయన కోసం ఆ కంప్యూటరులో తెలుగు ఇన్‌స్క్రిప్ట్ లేఅవుటు చేర్చారు. ఆల్ట్, షిఫ్ట్ కలిపి నొక్కితే లేఅవుటు మారుతుంది. ఆయన తెలుగులో ఉంచి లేచి వెళ్లిపోతే తర్వాత వచ్చినవారు ఇంగ్లీషు అనుకుని పాస్‌వర్డ్ కొడుతున్నారు. లినక్స్ టెర్మినల్ పాస్‌వర్డ్ అడిగేటప్పుడు చుక్క కూడా చూపదు కాబట్టి లోపలికి వెళ్తున్నవి తెలుగు అక్షరాలని ఎవరికీ కనిపించదు. టెర్మినల్ వరుసలో ఉత్తినే రెండు అక్షరాలు కొట్టి చూసి చెరిపేయడం చాలు, ఏ లిపి పడుతోందో కళ్ల ముందే తేలుతుంది. ప్యానెల్‌లో లేఅవుటు పేరు పెద్దగా కనిపించేలా పెట్టాను. తెలుగు లేఅవుటు మాత్రం తీయలేదు. ఆ కంప్యూటరు ముందుకు జనం వచ్చేది దానికోసమే.

లెక్క: బాగైనవి 4/6. ఈ దశకు 50 నిమిషాలు, మొత్తం 2 గంటల 40 నిమిషాలు.

మూడో దశ: 5వ నంబరు

సుడో అనగానే రెండు సందేశాలు. మొదటిది సుడోయర్స్ ఫైలులో ఫలానా వరుసలో సింటాక్స్ తప్పు అని. రెండోది రీడర్ ఆ ఫైలులో లేరని. నేను రెండోదే చదివి గ్రూపులు వెతకడం మొదలుపెట్టాను. ఐడీ చూస్తే సుడో గ్రూపు ఉంది. పైన ఉన్న సందేశం మీదకు దృష్టి వెళ్లడానికి పావుగంట పట్టింది.

ఎవరో ఆ ఫైలును మామూలు ఎడిటరుతో తెరిచి, సుడో గ్రూపుకు అనుమతినిచ్చే వరుసలోనే ఒక మూసే బ్రాకెట్ చెరిపేశారు. పాత సుడో అయితే ఒక్క తప్పు కనబడినా మొత్తానికే మొరాయించేది. 1.9.3 నుంచి తప్పున్న వరుసను పక్కన పెట్టి మిగతావి చదువుతుంది. మా ఖర్మకు పక్కన పెట్టింది మాకు కావాల్సిన వరుసనే. అందుకే రెండో సందేశం.

రూట్‌కు తాళం, సుడో పనిచేయదు. మూడో దారి ఉంది: పీకేఎగ్జెక్. ఇది సుడోయర్స్ ఫైలు జోలికి వెళ్లదు, పోల్‌కిట్ అనే వేరే వ్యవస్థను అడుగుతుంది. డెబియన్‌లో సుడో గ్రూపులో ఉన్నవారిని పోల్‌కిట్ నిర్వాహకులుగానే చూస్తుంది.

1. డెస్క్‌టాప్‌లో టెర్మినల్ తెరిచి: పీకేఎగ్జెక్ /యూఎస్ఆర్/ఎస్‌బిన్/విసుడో (విసుడో అంటే సుడోయర్స్ ఫైలు కోసమే ఉన్న ఎడిటరు)
2. వచ్చిన పెట్టెలో రీడర్ పాస్‌వర్డ్
3. బ్రాకెట్ సరిచేసి సేవ్
4. సుడో విసుడో -సీ అని కొట్టి ఫైలు సరిగా ఉందని చెప్పించుకోవడం

విసుడో తప్పుంటే సేవ్ చేసే ముందే చెబుతుంది. ఆ ఫైలును ఇంక దేనితోనూ తెరవవద్దు. ఇంకో అలవాటు కూడా చేసుకున్నాను: సుడో నియమాలు మార్చేటప్పుడు పక్కన ఒక టెర్మినల్లో సుడో -ఐ చేసి రూట్ షెల్ తెరిచి ఉంచుతాను. మార్పు మూడో కిటికీలో పనిచేసిందని చూశాకే దాన్ని మూస్తాను.

ప్రింటరు మొరాయించినప్పుడు పాస్‌వర్డ్ లేకుండా కప్స్ అనే ప్రింటింగ్ సర్వీసును మళ్లీ మొదలుపెట్టే అనుమతి మేడం ఖాతాకు ఇవ్వాలి. అసలు ఫైలును ముట్టుకోకుండా సుడోయర్స్.డీ డైరెక్టరీలో వేరే ఫైలు రాశాను. పేరు లైబ్రరీ.కాన్ఫ్. విసుడో తప్పు లేదంది, నియమం మాత్రం అమలు కాలేదు. 25 నిమిషాలు నియమాన్నే తిప్పి తిప్పి రాశాను. తప్పు నియమంలో లేదు, పేరులో ఉంది. ఆ డైరెక్టరీలో చుక్క ఉన్న పేర్లను సుడో చదవదు. ఎడిటర్లు వదిలే పాత ప్రతులు పొరపాటున అమలు కాకుండా పెట్టిన జాగ్రత్త అది. పేరులోంచి చుక్క, కాన్ఫ్ తీసేశాను, వెంటనే పనిచేసింది.

లెక్క: బాగైనవి 5/6. ఈ దశకు 1 గంట 15 నిమిషాలు, మొత్తం 3 గంటల 55 నిమిషాలు.

నాలుగో దశ: 6వ నంబరు

ఇందులో మూడు దారులూ మూసుకుపోయాయి. ఎస్‌యు ఫెయిల్యూర్ అంటుంది. పీకేఎగ్జెక్ తనకు సెట్‌యుఐడీ కావాలంటుంది. సుడో మాటే అసలు కారణం చెప్పింది: నా ఫైలుకు యజమాని యుఐడీ 0 (అంటే రూట్) అయి ఉండాలి, సెట్‌యుఐడీ గుర్తు ఉండాలి అని.

ఎల్ఎస్ -ఎల్ /యూఎస్ఆర్/బిన్/సుడో కొట్టి చూశాను. ఆ వరుసలో ఎడమ నుంచి నాలుగో అక్షరం చూడాలి. బాగున్న కంప్యూటరులో అక్కడ ఎస్ ఉంటుంది. ఇక్కడ ఎక్స్ ఉంది. యజమాని పేరు రూట్ ఉండాల్సిన చోట రీడర్. ఆ ఎస్ అక్షరమే సెట్‌యుఐడీ: ఈ ప్రోగ్రామును ఎవరు నడిపినా యజమాని అధికారంతో నడుపు అని కెర్నల్‌కు (లినక్స్ కేంద్ర భాగానికి) చెప్పే గుర్తు. ఎస్‌యు, సుడో రెండూ బతికేది దానిమీదే.

డిగ్రీ చదువుతున్న ఒక అబ్బాయి ముందుకొచ్చి చెప్పాడు. "అన్నయ్యా, తెలుగు ఫాంట్లు కాపీ చేయబోతే పర్మిషన్ లేదంది. ఎక్కడో చూసి యజమానిని మార్చాను. అప్పటినుంచే ఇలా ఉంది." అతను కొట్టింది సుడో సీహెచ్‌ఓన్ -ఆర్ రీడర్: /యూఎస్ఆర్ (ఆర్ పెద్దది). ఫాంట్ల డైరెక్టరీ ఒక్కటే కాదు, దాని పైనున్న చెట్టంతా రీడర్ పేరున మారిపోయింది. యజమాని మారగానే కెర్నల్ భద్రత కోసం సెట్‌యుఐడీ గుర్తును తీసేస్తుంది. తిరిగి రూట్ పేరున రాసినా ఆ గుర్తు దానంతటది రాదు. ఆ అబ్బాయి నిజం చెప్పడం వల్ల నాకు కనీసం ఒక పూట కలిసొచ్చింది.

మొదటి ప్రయత్నం: గ్రబ్ (కంప్యూటరు ఆన్ కాగానే లినక్స్‌ను మొదలుపెట్టే ప్రోగ్రాము) మెనూలో రికవరీ మోడ్. రూట్ ఖాతాకు తాళం ఉంది కాబట్టి కన్సోల్ తెరవలేనని చెప్పి ఎంటర్ నొక్కమంది. విఫలం.

రెండో ప్రయత్నం: మామూలు ఎంట్రీ మీద ఇంగ్లీషు అక్షరం 'ఈ' నొక్కి, లినక్స్ అని మొదలయ్యే వరుస చివర ఇనిట్=/బిన్/బ్యాష్ చేర్చాను. రూట్ షెల్ వచ్చింది, డిస్కు మాత్రం చదవడానికే తెరుచుకుంది. ఏది మార్చబోయినా కుదరదంది.

మూడో ప్రయత్నం: అదే వరుసలో ఆర్‌ఓ అన్న మాటను ఆర్‌డబ్ల్యూ చేశాను. రాయగలిగాను. కానీ సుడోకు ముందు సీహెచ్‌మోడ్ 4755 ఇచ్చి, ఆ తర్వాత చెట్టంతటికీ సీహెచ్‌ఓన్ చేశాను. యజమాని మారగానే గుర్తు మళ్లీ పోయింది. పైన రాసిన సూత్రమే. తెలిసి కూడా క్రమం తప్పాను. బూట్ చేశాక సుడో మళ్లీ అదే మాట అంది.

నాలుగోసారి పనిచేసిన క్రమం:

1. గ్రబ్ మెనూలో 'ఈ' కీ. లినక్స్ వరుసలో ఆర్‌ఓను ఆర్‌డబ్ల్యూగా మార్చి, చివర ఇనిట్=/బిన్/బ్యాష్. కంట్రోల్, ఎక్స్ కలిపి నొక్కాలి. ఈ మార్పు ఆ ఒక్క బూట్‌కే.
2. సీహెచ్‌ఓన్ -ఆర్ రూట్:రూట్ /యూఎస్ఆర్
3. సీహెచ్‌మోడ్ 4755 /యూఎస్ఆర్/బిన్/సుడో, అదే ఎస్‌యుకి కూడా
4. సింక్, తర్వాత రీబూట్ -ఎఫ్

సుడో వచ్చింది. ఇంతటితో ఆపితే మిగతా ప్రోగ్రాములు పాడుగానే ఉంటాయి. 3వ నంబరులో ఫైండ్ /యూఎస్ఆర్ -టైప్ ఎఫ్ -పెర్మ్ -4000 కొడితే సెట్‌యుఐడీ గుర్తున్న 17 ఫైళ్లు వచ్చాయి. 6వ దాంట్లో 2 మాత్రమే. మీ దగ్గర ఈ సంఖ్య వేరుగా ఉండవచ్చు, అదే ఇన్‌స్టాలేషన్ ఉన్న ఇంకో కంప్యూటరుతో పోల్చడమే ముఖ్యం. డీపీకేజీ -ఎస్ (ఎస్ పెద్దది) ఏ ఫైలు ఏ ప్యాకేజీదో చెబుతుంది. చేత్తో గుర్తులు పెట్టడం మానేసి ఆ ప్యాకేజీలనే ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్‌తో మళ్లీ వేశాను. యజమాని, గుర్తులు అన్నీ ప్యాకేజీయే సరిచేస్తుంది. ఫలితం 17కు 17.

లెక్క: 6/6 అని రాసుకున్నాను. ఈ దశకు 2 గంటల 40 నిమిషాలు, మొత్తం 6 గంటల 35 నిమిషాలు.

ఐదో దశ: మళ్లీ 6వ నంబరు. లెక్క 5/6కు దిగింది

మర్నాడు తెర తాళం పడ్డాక సరైన పాస్‌వర్డ్ ఇచ్చినా తెరుచుకోలేదు. సుడోకి అదే పాస్‌వర్డ్ చెల్లుతోంది. జర్నల్‌లో (కంప్యూటరు రాసుకునే సందేశాల చిట్టాలో) యూనిక్స్ సీహెచ్‌కేపీడబ్ల్యూడీ అనే ప్రోగ్రాము పేరుతో ఈ యూజరెవరో తెలియదన్నట్టు ఒక వరుస ఉంది. యూజరు ఉన్నాడు, సందేశమే దారి తప్పించేది.

పాస్‌వర్డుల సారాంశం ఉండే షాడో ఫైలును రూట్, షాడో గ్రూపు మాత్రమే చదవగలవు. తెర తాళం మామూలు యూజరుగా నడుస్తుంది కాబట్టి ఈ చిన్న ప్రోగ్రాము సాయం తీసుకుంటుంది. దానికి సెట్‌జీఐడీ గుర్తు (యజమాని బదులు గ్రూపు అధికారంతో నడుపు అని చెప్పేది), షాడో గ్రూపు ఉండాలి. నేను నిన్న వెతికింది 4000 గుర్తు ఒక్కటే. సెట్‌జీఐడీ గుర్తు 2000. రెండింటినీ కలిపి వెతకాలంటే -పెర్మ్ /6000. అలా చూస్తే 3వ నంబరులో 22, ఇక్కడ 20. తప్పిపోయిన రెండు: ఇదొకటి, క్రాన్‌టాబ్ (వేళకు పనులు నడిచేలా జాబితా రాసే కమాండు) ఒకటి. లిబ్‌పామ్-మాడ్యూల్స్-బిన్, క్రాన్ ప్యాకేజీలు మళ్లీ వేశాక 22కు 22. తెర తాళం తెరుచుకుంది.

ఫాంట్ల సంగతి కూడా ఆ అబ్బాయితో కలిసి ముగించాం. సొంత ఫాంట్లు హోమ్‌లోని .లోకల్/షేర్/ఫాంట్స్ డైరెక్టరీలో వేస్తే రూట్ అక్కర్లేదు, ఆ తర్వాత ఎఫ్‌సీ-క్యాష్ నడిపితే చాలు. అందరికీ కావాలంటే ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీలో పోతన, వేమన ఉన్నాయి.

ఆరింటికీ కొత్త పేర్లు పెట్టాక సుడో ప్రతిసారీ హోస్ట్ పేరు దొరకలేదంటూ నిదానించింది. టైమ్ సుడో ట్రూ కొలిస్తే 10 సెకన్లు. హోస్ట్స్ ఫైలులో 127.0.1.1 పక్కన పాత పేరే ఉంది. కొత్త పేరు రాశాక సెకనులో పదో వంతు కూడా పట్టలేదు.

లెక్క: 6/6. ఈ దశకు పేర్ల పనితో కలిపి 1 గంట 25 నిమిషాలు, మొత్తం 8 గంటలు.

ఆరో దశ: గ్రబ్‌కు పాస్‌వర్డ్

నన్ను గట్టెక్కించిన ఇనిట్ మార్పును ఆ గదిలో కూర్చున్న ఎవరైనా చేయగలరు. పాస్‌వర్డ్ అడగకుండా రూట్ షెల్ వస్తుంది. అందుకే మొదట 6వ నంబరులో గ్రబ్‌కు పాస్‌వర్డ్ పెట్టాను. గ్రబ్-ఎంకేపాస్‌డబ్ల్యూడీ-పీబీకేడీఎఫ్2 ఇచ్చిన పొడవాటి వరుసను గ్రబ్.డీలోని 40_కస్టమ్ ఫైలులో, సూపర్‌యూజర్స్ పేరుతో పాటు రాసి అప్‌డేట్-గ్రబ్ చేశాను.

తెల్లారి మేడం ఫోను చేశారు. "బాబూ, ఆరో నంబరు నల్ల తెర మీద పేరు అడుగుతోంది, ఏం కొట్టమంటావు?" పాస్‌వర్డ్ పెట్టగానే ఎంట్రీ మార్చడానికే కాదు, మామూలుగా బూట్ కావడానికి కూడా గ్రబ్ అడుగుతుంది. 10_లినక్స్ ఫైలులో క్లాస్ అన్న వరుస చివర --అన్‌రెస్ట్రిక్టెడ్ చేర్చి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ చేశాక, బూట్ నేరుగా అవుతోంది, 'ఈ' కీ నొక్కితేనే అడుగుతోంది. ఆ ఫైలు గ్రబ్ ప్యాకేజీది కాబట్టి అప్‌డేట్ వచ్చినప్పుడల్లా ఆ వరుస చూసుకోవాలి.

లెక్క: రూట్ 6/6, గ్రబ్ పాస్‌వర్డ్ 1/6. మొత్తం 8 గంటల 50 నిమిషాలు. మిగతా ఐదింటికి ఆదివారం, గ్రంథాలయం మూశాక.